రిటైరయ్యాక గాలం: చేప పడకుండా చూసుకునే పద్ధతులు

ముందు సామాను కొనండి, నీళ్లు తర్వాత చూడొచ్చు. గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ డబ్బులు ఖాతాలో పడ్డ వారంలోపే ఈ పని అయిపోవాలి. ఆలస్యం చేస్తే ఆ సొమ్ము బిడ్డ పెండ్లికో, కరీంనగర్‌లో ప్లాటుకో పోతుంది. మీరు మళ్లీ కంక కట్టె, తంగూసు దారం పట్టుకుని ఒడ్డున కూర్చోవాల్సి వస్తుంది. అప్పుడు చేపలు పడే ప్రమాదం ఉంది.

గాలం పక్కనపెట్టి పాతికేళ్లో ముప్పై ఏళ్లో అయి, ఇప్పుడు మళ్లీ చేయి దురద పెడుతున్నవారికి ఈ సలహాలు. గోదావరిఖనిలో అలాంటివారికి కొదువ లేదు. 1990ల మొదట్లో సింగరేణి బొగ్గు గనుల్లో లక్షకు పైగా కార్మికులుండేవారు, ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. దిగిపోయినవాళ్లలో చాలామందికి చిన్నప్పటి గోదారి గుర్తుంది. జాలారి పక్కన తడిమట్టి తవ్వి ఎర్రలు ఏరడం, కొబ్బరిచిప్పలో కాస్త మట్టితో పాటు వాటిని దాచడం, ఎండిన జొన్నబెండు ముక్కను దారానికి గుచ్చి అది ఎప్పుడు మునుగుతుందా అని కళ్లార్పకుండా చూడటం, ఇవేవీ మరిచిపోయే సంగతులు కావు.

గాలం ఎందుకు వదిలారని వాళ్లను అడగనక్కర్లేదు. పొద్దున ఏడింటికి ఫస్ట్ షిఫ్ట్, మూడింటికి సెకండ్ షిఫ్ట్, రాత్రి పదకొండింటికి నైట్ షిఫ్ట్. చేప ఆకలి మీద తిరిగేది తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగూకేటప్పుడు. ఫస్ట్ షిఫ్ట్ తెల్లవారుజామును మింగింది, సెకండ్ షిఫ్ట్ సాయంత్రాన్ని మింగింది, నైట్ షిఫ్ట్ మనిషినే మింగింది. మిగిలింది ఆదివారం. ఆ రోజు ప్లేడే దొరికితే డబుల్ మస్టర్. దాన్ని కాదని చేపలకు పోయిన మొగోడికి ఆ పూట అన్నం పెట్టే ఇల్లు కాలనీలో ఉండేది కాదు.

ఇప్పుడు అరవై ఒకటి నిండాయి. క్వార్టర్ ఖాళీ చేశారు. డల్లాస్‌లో అల్లుడున్నాడు. దసరాకు వచ్చినప్పుడు సూట్‌కేసులో చాక్లెట్ల కింద రబ్బరు వానపాముల ప్యాకెట్లు తెచ్చాడు. "మామా, అక్కడ దీనికి పడని చేప లేదు" అన్నాడు. అల్లుడి మాట కాదనడం మన ఇండ్లలో లేదు కాబట్టి ఇక్కడినుంచే మొదలుపెడదాం.

ఈ రబ్బరు ఎర్ర సామాన్యమైంది కాదు. 1949లో అమెరికాలోని ఓహైయో రాష్ట్రం, అక్రాన్ ఊళ్లో నిక్ క్రీమ్ అనే ఆయన మెత్తటి ప్లాస్టిక్‌ను వానపాము అచ్చులో పోసి తయారుచేశాడు. అది సాగుతుంది, వంగుతుంది, నీళ్లలో అసలైన ఎర్రలాగే మెలికలు తిరుగుతుంది. తర్వాత వచ్చినవాళ్లు దానికి ఉప్పు కలిపారు. ఉప్పుతో బరువెక్కి అడుగుకు దిగుతుంది, నోట్లో పెట్టుకున్న చేప వెంటనే ఉమ్మేయదు. కొన్నింటికి వెల్లుల్లి వాసన, కొన్నింటికి సోంపు వాసన. అక్కడ దీన్ని వేసేది లార్జ్‌మౌత్ బాస్ అనే చేపకు. పెద్ద నోరు, కలుపులో నక్కి ఉండి ఎదురొచ్చినదాన్ని మింగేసే గుణం. టెక్సస్‌లో లేక్ ఫోర్క్ అనే జలాశయానికి పేరంతా ఈ ఒక్క చేపతోనే వచ్చింది. గోదావరిలో బాస్ లేదు. ఇంత చిన్న విషయానికి మీరు వెనకడుగు వేయకూడదు. బాస్ కోసమే వెళ్లండి.

ఒడ్డున ఎవడో ఒకడు కొర్రమట్ట సంగతి ఎత్తుతాడు. వాడికి దూరంగా ఉండండి, ఎందుకంటే వాడు చెప్పేది నిజం. కొర్రమట్ట తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె నాడు మార్కెట్లో దాని ధర అడగాలంటే గుండె గట్టిది కావాలి. హైదరాబాద్‌లో బత్తిని వారి చేప మందు ఉబ్బసం వాళ్ల గొంతులోకి దిగేది దాని పిల్ల నోట్లోనే. ఇదీ గుర్రపుడెక్క కింద, తామరాకుల మధ్య కట్టెలా కదలకుండా పడి ఉండి, దగ్గరికొచ్చిన కప్పనో పరకనో లటుక్కున అందుకుంటుంది. అంటే అక్కడ బాస్ చేసే పని ఇక్కడ కొర్రమట్ట చేస్తుంది, రబ్బరు ఎర్రకూ రబ్బరు కప్పకూ లొంగుతుంది. ఒక్క తేడా ఉంది. దీనికి మొప్పలు మాత్రమే చాలవు, గాలి కోసం పైకి రావాలి. గాలి లేని పొద్దున నీళ్ల మీద గుబుక్కుమని చిన్న చప్పుడవుతుంది, అరచేతంత వలయం లేస్తుంది, వెనకాలే రెండు మూడు బుడగలు. తాను ఉన్న చోటు తానే చెప్పిపోతుంది. అందుకని ఒడ్డుకు చేరగానే నీళ్లవైపు చూసే అలవాటు మానుకోండి. ఫోన్‌లో టెక్సస్‌వాడు బాస్ పడుతున్న వీడియో చూడండి, చప్పుడు పెంచి.

రంగుల విషయంలో పిసినారితనం వద్దు. నీళ్లు బురదగా ఉంటే నలుపు, ముదురు నీలం బాగా కనబడతాయని, తేటగా ఉంటే ఆకుపచ్చ, గోధుమరంగు చాలునని తెలిసినవాళ్లు రెండు మూడు రంగులతో జీవితం వెళ్లదీస్తారు. మీరు ఉన్న రంగులన్నీ కొనండి. ఐదు నిమిషాలకోసారి మార్చండి. ముడి విప్పి మళ్లీ ముడి వేస్తున్నంతసేపు ఎర నీళ్లలో ఉండదు. ఎర నీళ్లలో లేనంతసేపు మీకు ఏ ఇబ్బందీ లేదు.

తెచ్చిన రంగులన్నీ ప్యాకెట్లలోంచి తీసి ఒకే డబ్బాలో కలిపి పెట్టండి. మెత్తటి ప్లాస్టిక్‌లో ఉండే నూనెలాంటి పదార్థం బయటికి ఊరుతుంది. ఎరుపు పసుపులోకి దిగుతుంది, అన్నీ కలిసి పేడరంగుకు వస్తాయి, డబ్బా అగ్గువ రకం గట్టి ప్లాస్టిక్‌దైతే దాని అడుగు కూడా మెత్తబడి వాటికి అతుక్కుంటుంది. డబ్బాను స్కూటర్ డిక్కీలో పెట్టి మే నెలలో మిట్టమధ్యాహ్నం చౌరస్తాలో నిలబెట్టండి. పాదరసం 45 దాటే రామగుండం మనది, ఓహైయోవాడు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు. సాయంత్రం మూత తీస్తే లోపల ఒకే ఒక పెద్ద వానపాము ఉంటుంది. ఇది ఇష్టం లేనివారు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టుకోవచ్చు. సోంపు వాసనవి పెట్టండి. ఇంట్లో ఆమె ఏమనుకుని ఒకటి నోట్లో వేసుకుంటుందో, ఆ తర్వాత మీ రాడ్డు ఎన్ని ముక్కలవుతుందో నేను చెప్పను.

దారం మాత్రం పాతదే వాడండి. అటక మీద ముప్పై ఏళ్లుగా ఉన్న తంగూసు చుట్టను దింపండి. ఎండకూ వేడికీ నైలాన్ పెళుసెక్కిపోతుంది, అన్నేళ్లు చుట్టి ఉన్నందుకు విప్పినా ఉంగరాలుగానే ఉంటుంది. దాన్ని కొత్త రీలుకు ఎక్కించండి. విసిరినప్పుడు ఉంగరాలన్నీ ఒకేసారి బయటికి దూకి చిక్కుపడతాయి, ఆ చిక్కు విప్పడంలో ఒక పూట హాయిగా గడిచిపోతుంది. ముడి బిగించేముందు ఉమ్మితో తడపకండి. పొడిదారం రాపిడికి వేడెక్కి, ముడి దగ్గరే బలం చచ్చిపోతుంది. అది పైకి కనబడదు, చేప లాగినప్పుడు మాత్రమే తెలుస్తుంది. ఇలాంటి రహస్యాలు దాచుకోవడంలోనే మజా.

గాలపు ముల్లు కొనేటప్పుడు పెద్ద అంకె చూసి పెద్ద ముల్లని తీసుకోండి. ఒకటో నంబరు కన్నా పదో నంబరు చిన్నది, ఒకటి దాటాక సున్నా పక్కన పెట్టినవి మళ్లీ పెద్దవవుతూ పోతాయి. ఈ లెక్క ఎవరు పెట్టారో గానీ మన మస్టర్ రోల్ రాసే గుమాస్తా అయి ఉంటాడని నా అనుమానం. పది నంబరు కొంటే పరకలు పట్టే ముల్లు వస్తుంది. కొర్రమట్ట దాన్ని మింగి, చిన్న చురుక్కుతో సరిపెట్టుకుని వెళ్లిపోతుంది.

ఇక ముల్లుకు ఎర్రను గుచ్చే విద్య. టెక్సస్ పద్ధతి అని ఒకటుంది. ఎర్ర తలలో ముల్లు మొనను కొంచెం గుచ్చి పక్కనుంచి తీస్తారు, ముల్లును తిప్పుతారు, మొనను మళ్లీ ఎర్ర ఒంట్లోకి దించి దాచేస్తారు. ముందు తూటా ఆకారం బరువు ఉంటుంది. మొన లోపల దాగి ఉంటుంది కనుక తామరతూళ్ల మధ్యనుంచి, గుర్రపుడెక్క వేళ్లలోంచి ఏదీ తగలకుండా జారివస్తుంది. చేప కొరికినప్పుడే మెత్తటి ప్లాస్టిక్ నలిగి మొన బయటపడుతుంది. ఇంత తెలివి మనకెందుకు? చిన్నప్పుడు ఎర్రకు గుచ్చినట్టే మొన బయట పెట్టి, కలుపు దట్టంగా ఉన్నచోటికి విసరండి. ప్రతి విసురుకూ రెండు కిలోల గుర్రపుడెక్క గ్యారంటీ. చెరువు శుభ్రం చేసిన పుణ్యం అదనం.

చోటు సంగతికి వద్దాం. మీరు చివరిసారి కూర్చున్న రాయి దగ్గరికే నేరుగా వెళ్లండి. ఎవరినీ అడగొద్దు. ఆ రోజుల్లో గోదారి ఎండకాలం వచ్చేసరికి పాయలుగా చీలి, ఇసుకలో అక్కడక్కడా మడుగులు మిగిల్చేది. మీ రాయి అలాంటి ఒక మడుగు అంచున ఉండేది. తర్వాత ఎగువన 62 గేట్లతో, 20 టీఎంసీలతో శ్రీపాద ఎల్లంపల్లి వచ్చింది. దిగువన కాళేశ్వరం పథకంలో సుందిళ్ల బ్యారేజీ కట్టారు. 2019 నుంచి దాని వెనక నీళ్లు గోదావరిఖని వంతెన కిందిదాకా ఎక్కి నిలిచాయి. నడివేసవిలో నిండు గోదారిని చూడటానికి జనం సాయంత్రాలు వంతెన మీదికి పోయేవాళ్లు. 2023 అక్టోబరులో అదే పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ దగ్గర పిల్లర్లు కుంగాయి. ఆ తర్వాత సుందిళ్లలోనూ నీళ్లు నిలపడం మానేశారు, ఇసుక మళ్లీ తేలింది. మీరు బాయిలోకి దిగి ఎక్కేలోపు ఒకే ఒడ్డున మూడు నదులు మారాయి. మొదటి నదిలో మీ రాయి పక్కన చేప ఉండేది, రెండో నదిలో రాయి నీటి అడుగున పోయింది, మూడో నదిలో రాయికీ నీళ్లకూ మధ్య ఇసుక లారీల బాట పడింది. అయినా రాయి రాయే. దాని మీదే కూర్చోండి.

మధ్యలో దిగి నడవాల్సి వస్తే పాత జ్ఞాపకాన్నే నమ్మండి. మోకాటిలోతు అని మీరు గుర్తుపెట్టుకున్నచోట ఇసుక తవ్వి వదిలేసిన గుంత ఉండొచ్చు, పైనుంచి చూస్తే తెలియదు. పక్కన కర్రతో పొడిచి చూసుకుంటూ నడిచే చేపలోళ్లు పిరికివాళ్లు. వర్షాకాలంలో ఎగువ నుంచి సైరన్ వినబడ్డా లేవకండి. ముప్పై ఏళ్లు సైరన్ విని పరుగెత్తారు, ఇప్పుడైనా కూర్చోనివ్వాలి కదా. బాయి సైరన్ షిఫ్టు మారిందని చెప్పేది, ఈ సైరన్ గేట్లు ఎత్తుతున్నారని చెబుతుంది. ఈ సలహా పాటించినవారికి మిగతావి చదివే పని ఉండదు.

ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022 జులై నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. చేపకు నీడ ఇష్టమని అందరికీ తెలుసు. ఈ రెండింటినీ కలుపుకుని కంచె దగ్గరికి నడవండి. అడ్డుపడిన సీఐఎస్ఎఫ్ జవానుకు, మేం తవ్విన బొగ్గుతోనే మీ ప్లాంటు నడిచిందని, ఆ లెక్కన ఈ నీళ్లలో మాకూ వాటా ఉందని తెలుగులో వివరించండి. ఆయన బీహార్ మనిషైతే గొంతు పెంచండి, భాష దానంతటదే అర్థమవుతుంది.

ఆ దారిలోనే హైటెన్షన్ తీగలుంటాయి. అల్లుడు తెచ్చింది కార్బన్ రాడ్డు. కార్బన్‌లోంచి కరెంటు పారుతుంది. ఈ ఒక్క చోట మాత్రం నేను ఉల్టా సలహా ఇవ్వను. రాడ్డు విప్పి, ముక్కలుగా చేసి, అడ్డంగా పట్టుకుని తీగల కింద దాటండి.

ఇక ఓపెన్‌కాస్ట్ (ఓసీపీ) గుంతల గురించి. బొగ్గు తీసి వదిలేసినచోట వాన నీళ్లు చేరి నీలంగా, నిండుగా, చూడముచ్చటగా ఉంటాయి. అంచు నిలువుగా కోసినట్టుంటుంది, తవ్విపోసిన ఓబీ మట్టి కాలు పెడితే జారుతుంది, లోతు ఎంతో పైనుంచి చెప్పలేం. ఏటా రక్షణ పక్షోత్సవాల్లో చేయి చాచి ప్రతిజ్ఞ చేసిన మనిషి మీరు. క్యాప్ ల్యాంపుతో పాటు ఆ ప్రతిజ్ఞను కూడా అప్పజెప్పి వచ్చాననుకుంటే దిగొచ్చు.

ఊరి చెరువైతే ఎవరిదని అడగకండి. గంగపుత్రుల, ముదిరాజుల మత్స్య సహకార సంఘం ఆ చెరువును పట్టుకుని ఉంటుంది. చేపపిల్లలు పోసేది వాళ్లు, కాపలా కాసేది వాళ్లు, ఏడాదికోసారి వలలు దింపి ఇల్లు నడుపుకునేది వాళ్లు. ముందురోజు సాయంత్రం సంఘం పెద్దమనిషి దగ్గరికి పోయి, "అన్నా, పొద్దుపోక ఒక గాలం వేసుకుంటా" అంటే చాలాసార్లు కాదనరు. ఏ మూల కొర్రమట్ట తిరుగుతున్నదో కూడా చెప్తారు. అంత సులువుగా పని అయితే పంచాయితీ ఎట్లా పుడుతుంది? చెప్పకుండా తెల్లవారే పోయి కూర్చోండి. పంచాయితీ పుట్టాక "నేను సింగరేణి వాణ్ణి" అనండి. ఈ మాట ఆర్టీసీ బస్సులోనూ పనిచేయదని ఇన్నేళ్లలో తెలిసే ఉంటుంది, అయినా అనండి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. బాయి మీకు చాలా నేర్పింది. అందులో గట్టుకు ఏది తెచ్చుకోవాలో, ఏది గేటు దగ్గరే వదిలేయాలో జాగ్రత్తగా ఎంచుకోవాలి, లేకపోతే ఇంతసేపు చెప్పినదంతా వృథా.

తప్పకుండా తెచ్చుకోవలసింది టార్గెట్. గంటకు ఇన్ని విసుర్లు, పొద్దున ఇన్ని, సాయంత్రానికి ఇన్ని అని ముందే రాసి పెట్టుకోండి. తట్టా చెమ్మస్ పట్టిన కాలంలో టబ్బులు లెక్కపెట్టినట్టు విసుర్లు లెక్కపెట్టండి. ఎర్ర నీళ్లను తాకగానే బరబరా చుట్టేయండి, మళ్లీ విసరండి. రబ్బరు ఎర్రకు చేతనైన పని ఒక్కటే, అడుగుకు చేరి అక్కడ నెమ్మదిగా బతికినట్టు నటించడం. దానికి ఆ అవకాశం ఇవ్వకండి. ఉత్పత్తి తగ్గిందనిపిస్తే పక్కవాడి మీద కేకలు వేయండి. ఓవర్‌మ్యాన్‌గా చేసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

గేటు దగ్గర వదిలేయాల్సింది రూఫ్ విన్న చెవి. బ్లాస్టింగ్ అయి, పొగ తేరుకున్నాక సర్దార్ ముందుగా లోపలికి పోతాడు. కర్ర ఎత్తి పైనున్న బండను తడతాడు. గట్టిబండ ఖంగుమంటుంది. పొర విడిచిన బండ డొల్లగా పలుకుతుంది. పక్క గ్యాలరీలో బెల్టు మోత, హాలేజీ తాడు గరగర, ఎక్కడో ఎవరిదో కేక. ఇన్నింటి నడుమ ఆ ఒక్క పలుకును ఏరుకోవాలి. చెవితోనే కాదు, కర్రను పట్టిన అరచేతితో కూడా వినాలి. కొత్తలో ఎవరికీ తెలియదు. పది రూఫులు తట్టాక, వందసార్లు తట్టాక, చెప్పలేకపోయినా తెలుస్తుంది. "ఇక్కడ వద్దు, జరుగుండ్రి" అంటాడు, ఎందుకని అడిగితే జవాబుండదు. జరిగిన కాసేపటికి బండ పడుతుంది.

రబ్బరు ఎర్రను చేప అందుకోవడం అంత చిన్న సంగతే. బెండు లేదు కాబట్టి మునిగేదేమీ ఉండదు. దారంలో ఒక టక్ వస్తుంది, వేలిగోటితో ఎవరో మీటినట్టు. ఒక్కోసారి అదీ రాదు. అప్పటిదాకా రాయి మీద గరగరా, బురదలో మెత్తగా ఈడ్చుకుంటూ వస్తున్న బరువు ఉన్నట్టుండి లేనట్టవుతుంది, అంటే చేప దాన్ని నోట్లో పెట్టుకుని మీవైపే వస్తున్నది. లేదంటే దారం మీరు లాగని దిక్కుకు మెల్లగా జరుగుతుంది. రాయి తగిలితే ఒక రకం, కొమ్మ తగిలితే ఇంకో రకం, చిన్న పరకలు తోక కొరుకుతుంటే చిటచిటమని మరో రకం. ఇవన్నీ వేరువేరుగా తెలియాలంటే దారం సన్నగా బిగువు మీద ఉండాలి, చూపుడువేలు దారాన్ని తాకుతూ ఉండాలి, ఎర్రను జానెడు లాగి ఆపాలి, ఆపినచోట ఊపిరి బిగబట్టాలి. ఎక్కువ కాట్లు ఆపినప్పుడే పడతాయి.

ముప్పై ఏళ్లు రూఫ్ విన్న అరచేతికి ఇది కొత్త కాదు. ఖరీదైన రాడ్డున్న ఏ కుర్రాడికన్నా ముందే మీకు తెలిసిపోతుంది. అది జరగకూడదు. అందుకే దారాన్ని ఊయలలా వదులుగా వేలాడనివ్వండి. రాడ్డును రెండు రాళ్ల మధ్య గుచ్చి, పదడుగుల దూరంలో చాయ్ పోసుకుని కూర్చోండి. వెంట నలుగురిని తీసుకెళ్లండి. వాళ్లలో కనీసం ఇద్దరు వేర్వేరు యూనియన్ల వాళ్లయి ఉండాలి. 2023 డిసెంబరు గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఎవరు ఎవరిని ముంచారన్న ముచ్చట ఒక్కటి ఎత్తితే చాలు, ఆ పూటకు గోదారి అడుగున ఏం జరుగుతున్నదో మీ చెవిన పడదు.

ఏ వేళకు పోవాలి? పదకొండింటికి బయలుదేరండి. ఎండలో నీళ్లు కాగి, చేప కలుపు నీడలోకి దిగిపోయాక, గొడుగు కూడా లేకుండా. తెల్లవారుజాము మీకు ఇప్పుడు ఖాళీయే, జీవితంలో మొదటిసారి ఖాళీ. దాన్ని నిద్రకు వాడుకోండి.

ఏ కాలంలో పోవాలన్నదానికి మాత్రం ఇప్పటికే చాలామంది పాటిస్తున్న సలహా ఒకటుంది. తొలకరి పడ్డాక కొర్రమట్ట ఒడ్డు కలుపులో చోటు శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలయ్యాక నీటిపైన ఎర్రటి ముద్దలా ఒకచోట కదులుతుంటాయి, గాలి కోసం అన్నీ ఒక్కసారే పైకి వచ్చి చినుకులు పడ్డట్టు నీటిని చిటపటలాడిస్తాయి. కింద తల్లో తండ్రో, ఒక్కోసారి ఇద్దరూ కాపలా ఉంటారు. ఆ ముద్ద మీదుగా ఏది పోయినా ఆకలి లేకున్నా కరుస్తారు. రబ్బరు కప్పను రెండుసార్లు ఆ ముద్ద మీద లాగితే మూడోసారికి తల్లి మీ చేతిలో ఉంటుంది. దీనికి ఏ నైపుణ్యమూ అక్కర్లేదు, పాత దారమైనా పనికొస్తుంది, ఎవడైనా చేయగలడు. మీరు తల్లితో ఫొటో దిగేలోపు పరకలూ జెల్లలూ ఆ ముద్దను తినేస్తాయి. వచ్చే ఏడు ఈ చెరువులో కొర్రమట్టలు లేవేందని మీరే పదిమందిని అడగొచ్చు. నీళ్లు చెడ్డాయని ఒకరు, బాంబులేసి పట్టారని ఒకరు, తిలాపియా తినేసిందని ఒకరు చెప్తారు. తలూపండి.

ఇంత చేసినా, ఖర్మకాలి, ఎప్పుడో ఒక పూట టక్ వినబడవచ్చు. అప్పుడు ఆలోచించకుండా రాడ్డును భుజం మీదికి గుంజండి. వదులుగా ఉన్న దారాన్ని చుట్టుకుని, బరువు చేతికి తగిలాక ఒక్క ఊపున కొట్టాలంటారు. రబ్బరు కప్ప వేసినప్పుడైతే నీళ్లు పగిలిన చప్పుడుకు బెదరకుండా ఒక క్షణం ఆగాలంటారు. మీరు ఆగకండి. ఎర్ర గాల్లో లేచి మీ చొక్కాకే తగులుకుంటుంది. ముల్లు తీసే కటింగ్ ప్లేయర్ ఇంట్లో మరిచి వచ్చి ఉంటారు కాబట్టి ఆ చొక్కాతోనే ఆసుపత్రికి పోవచ్చు.

ఒకవేళ ముల్లు చేపకే దిగితే వెంటనే దారం వదులు చేయండి. కొర్రమట్టకు రెండడుగుల వదులు చాలు, తామరతూళ్ల మధ్యకు తల దూర్చేస్తుంది. ఇక మీరు లాగేది చేపను కాదు, చెరువును. అదీ దాటి ఒడ్డుకు వస్తే మొప్పల వెనక గట్టిగా అదిమి పట్టకుండా, ముల్లు తీయడానికి బొటనవేలు దాని నోట్లో పెట్టండి. నోటి నిండా సన్నటి పళ్లున్నాయన్న సంగతి వేలికి ఒక్కసారి తెలిస్తే మళ్లీ మరిచిపోదు.

వేలు నోట్లో పెట్టుకుని, చేపను నీళ్లకు రెండు మూరల దూరంలో తడిగడ్డి మీద పడుకోబెట్టండి. బుట్ట, తడిగోనె ఏమీ వద్దు. మిగతా చేపలు ఒడ్డున పడితే కాసేపటికి సోలిపోతాయి. కొర్రమట్ట గాలి పీల్చే చేప, దానికి తొందర లేదు. తడినేల మీద పొట్ట ఈడుస్తూ, తోక విదిలిస్తూ అది సాగగలదు. మీరు అటు తిరిగి ఫోన్ తీయండి. డల్లాస్‌లో ఇప్పుడు అర్ధరాత్రా, అల్లుడు లేచి ఉంటాడా అని లెక్క వేయండి. ఎండకు తెర కనబడకపోతే చెట్టు నీడకు పోండి.